రెండిళ్ళ ఖర్జూరం

కాలవగట్టు, కంకిపాడు దగ్గర
12 జనవరి 2025

చెల్లాయి ఎలిజబెత్‌కి శౌరయ్య అన్నయ్య ఆశీస్సులు.

ముందు నా చేతిరాతకి, తప్పులకి మన్నించు. నాలుగో తరగతితో బడి మానినవాణ్ణి. చదవలేని చోట వదిలేసి ముందుకి పో. పెద్ద నష్టం ఉండదు.

ఫోన్ చెయ్యొచ్చుగదా అంటావు. వినీల ఆ బొమ్మ ఫోన్ నా మొహం ముందు పెడితే నాకు మాట రాదు. బాగున్నావా అంటావు. ఊఁ అంటా. అయిపోద్ది. నేను అడగబోయేది కూతురూ అల్లుడూ వింటుండగా అడిగేది కాదు. అందుకే కాగితం.

ఖర్జూరం చెట్టు సంగతి. నేను మస్కట్ దేశం వదిలి వచ్చేటప్పుడు నిజ్వాలో మనకి పనిచ్చిన అర్బాబు హమూద్ గారు తోటలోంచి తవ్వి ఇచ్చిన పిలక. గోనెగుడ్డలో చుట్టి ఒళ్ళో పెట్టుకుని తెచ్చా. ఇప్పుడు నాకంటే రెండింతలు ఎత్తయింది. నిరుడు పువ్వేసింది. గాలికే నిలుస్తదిలే అనుకున్నా. పిందెలు మిరియాలంత అయ్యి రాలిపోయినై. అది ఆడచెట్టు. మగచెట్టు పువ్వుల పొడి చేత్తో అద్దితే తప్ప కాయ నిలవదని, ముప్పై ఏళ్ళు ఆ పనే చేసిన నాకు తెలవదా. కానీ ఇక్కడ మగచెట్టు ఎక్కడుంది.

ఊళ్ళో గొడ్డుచెట్టు అంటున్నారు. పోతే పోనీ. అసలు సంగతి బెన్నీది. ఆటోనగర్లో లేత్ పని చేసుకుంటానే సొంతంగా ట్రాలీ ఆటో కొన్నాడు. దానికి షెడ్డు వెయ్యాలి. ఇంటి ముందు చోటంటే ఆ చెట్టున్న చోటే. "మామయ్యా, ఈ ఎండాకాలం తినే పండు ఒక్కటి ఇవ్వనియ్యి, ఉంచుదాం. లేకపోతే వానలకి ముందే తీసేద్దాం" అన్నాడు. సరేనన్నా. అల్లుడు మంచివాడు. ఏ తప్పూ లేదు ఆ మాటలో.

హమూద్ గారి తోటలో మగచెట్లు ఇప్పుడు పువ్వేసి ఉంటై. ఆ పువ్వు పుల్లలు నాలుగు ఎవరన్నా వచ్చేవాళ్ళతో పంపగలవా? ఇక్కడ ఫిబ్రవరిలో ఆడపువ్వు విచ్చుకుంటది. విచ్చుకున్నాక నాలుగు రోజులే.

సాయంత్రం కాలవగట్టున కూచుంటే నిజ్వాలో మన ఫలజ్ చప్పుడు వినపడుద్ది. కొండలోంచి తోటకి పారే ఆ రాతికాలవ. అక్కడున్నన్నాళ్ళూ దాని పక్కన కూచుని బందరు కాలవ వినేవాణ్ణి. ఇదేం జబ్బో.

జాబు తొందరగా రాయి.

ఇట్లు
శౌరయ్య

*

నిజ్వా
2 ఫిబ్రవరి 2025

అన్నయ్యకి ఎలిజబెత్ స్తోత్రం చెప్పి రాసేది.

నీ చేతిరాత నాకు కొత్తా? నా పెళ్ళి శుభలేఖల మీద నువ్వు అడ్రసులు రాస్తే, పోస్టుమాను వెనక్కి తెచ్చి నాన్న దగ్గర చదివించుకున్నాడు. నీ రాత చదవటానికి నాకు కళ్ళజోడు అక్కర్లా. నీ మనసు చదవటానికే కావాలి.

నువ్వు అడిగింది పంపిస్తున్నా. వంటింట్లోంచి ఎప్పుడూ తోటలోకి పోనిదాన్ని, నీకోసం పోయి, ఇప్పుడు నీ పని చేస్తున్న బంగ్లాదేశ్ కుర్రోణ్ణి చెట్టెక్కించా. తెల్లగా, పిండి రాలతా ఉన్నయ్యి. ఎంత ముద్దుగా ఉన్నాయో! ఇక్కడ పనిచేసే మన జాన్సన్ సెలవు మీద గుణదల తిరునాళ్ళకి వస్తున్నాడు. అతని చేతికిచ్చా. వాడిపోతాయని నువ్వేం భయపడకు. చిన్నప్పుడు గుణదల కొండకి మల్లెలు పట్టుకెళ్ళేప్పుడు అమ్మ ఎట్టా కట్టేది? తడిగుడ్డలో చుట్టి, పైన అరిటాకు, ఆపైన నారతో ముడి. అచ్చం అట్టాగే కట్టా. ఇంకా పైన ప్లాస్టిక్ కవర్ కూడా వేశా, చెమ్మ ఆరకుండా.

ఇంకో సంగతి. నీ జాబులో చివరి ముక్క చదివి నేను ఆగలేకపోయా. మా అన్నయ్యకి ఈ ఊరి మీద బెంగ పట్టుకుందండీ, రాత్రీ పగలూ ఫలజ్ చప్పుడే వినపడతందట అని హమూద్ గారితో చెప్పేశా. ఆయనకి చూపు తగ్గింది గానీ మనసు అట్టాగే ఉంది. "శౌరిని రమ్మను. పనొద్దు. వచ్చి ఫలజ్ పక్కన కూచుంటే చాలు" అన్నారు. వీసా కాగితాలు చూడమని అప్పుడే కొడుక్కి చెప్పారు. నువ్వు సంతోషిస్తావని తెలుసు, పైకి అనవు గానీ.

ఇక్కడ నా గది గుమ్మం పక్కన మల్లె మొగ్గేసింది. కట్టలో నాలుగు మొగ్గలు కూడా పెట్టా.

పొడి చేరిందీ లేనిదీ రాయి. సగం మాటలు మింగకుండా రాయి.

నీ చెల్లెలు
ఎలిజబెత్

*

కాలవగట్టు
13 ఫిబ్రవరి 2025

చెల్లాయికి ఆశీస్సులు.

కట్ట ముట్టింది. శ్రద్ధగా కట్టావు. మల్లె వాసన కూడా వచ్చింది. జాన్సన్ కులాసా. గుణదల పోయి నీ పేరున కొవ్వొత్తి వెలిగించా. జనం బాగా ఉన్నారు. చెట్టు పని చూస్తున్నా. వీసా సంగతి మళ్ళీ రాస్తా. చలి తగ్గింది. ఒళ్ళు జాగ్రత్త.

శౌరయ్య

*

నిజ్వా
9 మార్చి 2025

అన్నయ్యకి,

స్తోత్రం చెప్పటానికి కూడా మనసు రావట్లేదు.

వినీల ఫోన్లో మాట పెట్టింది. "అత్తా, నాన్న రోజూ తెల్లారకముందే లేచి కల్లు గీసే సంజీవరావు దగ్గరికి పోతున్నాడు. అడిగితే ఏం చెప్పడు. చొక్కా నిండా ఏదో పిండి పూసుకుని వస్తాడు. ఆదివారం పూజకి ఆలస్యంగా వచ్చి వెనక నిలబడుతున్నాడు. విభూది బుధవారం నాడు కూడా అంతే, నుదుటి మీద బూడిద పెట్టించుకుని తెల్లారి మళ్ళీ అటే పోయాడు" అని ఏడ్చింది.

ఈస్టరు ముందు తపస్సు కాలంలో, ఈ వయసులో, కల్లా? మన నాన్నని ఆ ఈతతోపులోంచి ఎన్నిసార్లు మోసుకొచ్చామో మర్చిపోయావా? కాళ్ళు నువ్వు పట్టుకుంటే తల నేను పట్టుకునేదాన్ని. ఆ తోపు వైపు చచ్చినా పోనని అప్పుడు అన్నది ఎవరు? నువ్వే. మస్కట్లో కూడా, బీరు డబ్బాలు తెచ్చుకునే మనవాళ్ళని చూసి పక్క గదిలోకి పోయేవాడివి.

నాకు అర్థమైంది. నీకు ఆ ఊళ్ళో మనసు నిలవట్లా. ఆ చెట్టు కూడా పోతుందనే దిగులు. పొడి పంపినా నువ్వు సరిగ్గా ఒక్క ముక్క రాయలా. అంటే ఇక దాని మీద ఆశ లేదన్న మాట. ఇంక ఆలోచించకు. నీ వీసా వచ్చేసింది. టికెట్ నేను కొంటా. వచ్చెయ్యి. ఆ తోపుకి దూరంగా ఉంటావు.

జాన్సన్ తిరిగి వస్తున్నాడుగా, అతని చేతికి జాబు ఇవ్వు. నిజం రాయి.

ఎలిజబెత్

*

కాలవగట్టు
24 మార్చి 2025

చెల్లాయి ఎలిజబెత్‌కి,

నీ జాబు చూశాక అన్నం సయించలా. ముందు ఇది విను. ఒక్క చుక్క ముట్టలా. గుణదల మాత సాక్షి.

ఇంత పొడుగు జాబు నేనెప్పుడూ రాయలా. ఓపిగ్గా చదువు.

నువ్వు పంపిన కట్ట విప్పితే లోపలంతా బూజు. పుల్లలు నల్లబడి ముద్దయిపోయినై. మగపువ్వు మల్లెపువ్వు కాదు చెల్లాయీ. దానికి తడి తగలగూడదు. నీడన ఆరబెట్టి కాగితంలో పొడిగా చుట్టాలి. ఆ ముక్క ముందే నేను రాయాల్సింది. తోటపని చేసేవాళ్ళందరికీ తెలిసిందే గదా అని రాయలా. నువ్వు వంటింటి మనిషివని తట్టలా. నీ తప్పు లేదు. అరిటాకు మీద ఆ నారముడి అచ్చం అమ్మ ముడే. దాన్ని చూశాక, పాడైపోయిందని నీకు రాయటానికి చెయ్యి రాలా.

ఆ కట్ట పట్టుకుని కాలవగట్టున కూచున్నా. అప్పటికే ఒక గెల విచ్చుకుంది. నాలుగు రోజుల్లో అది పోద్ది. తర్వాత ఇంకో రెండు. అవీ పోతై. తర్వాత బెన్నీ గొడ్డలి తెస్తాడు. సంజీవరావు ముంతలు దించుకుని అటే వస్తున్నాడు. నీకు తెలుసుగా, మన చిన్నప్పుడు నాన్నకి కల్లు పోసిన ఆయన కొడుకే. ఇన్నేళ్ళూ నేను ఆయనతో మాట్లాడింది లేదు. ఆయనే పలకరించాడు.

"ఏంది బావా, శవం పక్కన కూచున్నట్టు కూచున్నావ్?"

కట్ట చూపించా. సంగతి చెప్పా. తీసి వాసన చూశాడు.

"ఓహో, మీ మస్కట్ పిల్లకి పెళ్ళికొడుకా? దారిలోనే పోయాడే పాపం!"

నేను లేవబోయా. ఆయన నవ్వు ఆపలా.

"ఇంతోటి దానికి పెళ్ళికొడుకు విమానమెక్కి రావాలా? మావాళ్ళు పనికిరారా? ఈ గట్టు నిండా పోతుఈతలే. ఒక్కడికీ పెళ్ళాం లేదు."

ఎగతాళికే అన్నాడు. నేను తలెత్తి చూశా. అదే గెల. అవే తెల్లపుల్లలు. కాస్త పొట్టి, అంతే. గాలికి అదే పిండి రాలతంది. ముప్పై ఏళ్ళు ఖర్జూరం చెట్టెక్కి దిగినవాణ్ణి. ఈత చెట్టంటే పొరకలకీ, చాపలకీ, నాన్నకీ అనుకున్నా గానీ, అది మన చెట్టుకి దాయాదని నాకెప్పుడూ తట్టలా. దానివైపు చూడనని ఒట్టేసుకున్నాగా, చూడలా.

"నిలుస్తదంటావా?" అన్నాడు, నా మొహం చూసి నవ్వు ఆపి.

"తెలవదు" అన్నా.

"అయితే చెట్టునే అడుగుదాం" అని మోకు భుజానేసుకున్నాడు.

ఆ రోజు నించి ఇదే పని. గాలి లేవకముందే పుల్లలు కొయ్యాలి, లేకపోతే పిండంతా ఎగిరిపోద్ది. ఆయన కోసి ఇస్తాడు. నేను ఇంటి వెనక నించి వచ్చి, నిచ్చెనేసుకుని ఆడగెలలో తలకిందులుగా పెట్టి కడతా. వినీల చూసిన పిండి అదే. ఇంట్లో చెప్పలా. గొడ్డుచెట్టుకి కల్లుచెట్టుతో పెళ్ళి చేస్తున్నాడని తెలిస్తే, నిలవకపోయిన రోజు ఊరంతా నవ్వుద్ది. మన ఫాదర్ గారు కూడా పిలిచి అడిగారు, పొద్దున్నే తోపులో నీకేం పని శౌరయ్యా అని. చెట్టుకి పెళ్ళి చేస్తున్నానండీ అన్నా. ఇంకా అనుమానంగా చూశారు.

నిన్న నిచ్చెనెక్కి చూశా చెల్లాయీ. నిలిచినై. శనగగింజంత ఉన్నై. మూడు గెలలూ. మళ్ళీ మళ్ళీ లెక్కపెడతా నిచ్చెన మీదే ఉన్నా.

బెన్నీకి చూపించా. "మామయ్యా, నిరుడు కూడా ఇంతే అయినయ్యిగా. నేనన్నది తినే పండు" అన్నాడు. నిజమే. కాయ నిలిచింది. పండాలి.

వీసా సంగతి. నేను వస్తానని ఎక్కడ రాశా? చప్పుడు వినపడుద్ది అన్నా, అంతే. హమూద్ గారికి ఏం చెప్తావో నువ్వే చెప్పు. నాకు సిగ్గుగా ఉంది.

నా మీద కోపం పోయిందీ లేనిదీ రాయి.

శౌరయ్య

*

నిజ్వా
14 ఏప్రిల్ 2025

అన్నయ్యకి స్తోత్రం, వందనాలు, క్షమాపణలు, ఇంకేమన్నా ఉంటే అవీ.

నీ జాబు చదివి ముందు నవ్వా. చెట్టుకి పెళ్ళి చేస్తున్నానండీ అని ఫాదర్ గారితో అన్నావా! తర్వాత ఏడ్చా. నేను కట్టిన కట్ట బూజు పట్టిందని అప్పుడే రాస్తే నేనేం చచ్చిపోతానా? నువ్వు దాస్తావు, నేను లేనిది ఊహిస్తా. ఇద్దరం కలిసి వినీలని ఏడిపించాం. దానికి ఫోన్ చేసి చెప్పా. "అయితే నాన్న తాగట్లేదా?" అని పదిసార్లు అడిగింది. బెన్నీకి మాత్రం చెప్పొద్దన్నా.

వీసా నిజం ఇప్పుడు నేను చెప్తా. అది నీకోసం అడగలా అన్నయ్యా. నాకోసం అడిగా. మా ఆయన పోయి ఏళ్ళయింది. నువ్వూ ఊరెళ్ళిపోయాక ఇక్కడ నన్ను ఎలిజమ్మా అని పిలిచేవాళ్ళు లేరు. మరి వచ్చెయ్యొచ్చుగా అంటావు. మొన్న సెలవుకి వచ్చినప్పుడు చూశావుగా. నెల రోజులు మీ ఇంట్లో ఉన్నా. నెల రోజులూ నిద్రలో ఇక్కడి వంటిల్లే. హమూద్ గారికి కాఫీలో యాలకులు ఎవరేశారో, ఎన్నేశారో అని. ఇక్కడికొచ్చి పడుకుంటే గుణదల గంట. అక్కడ చుట్టాన్ని, ఇక్కడ పనిమనిషిని. ఎక్కడున్నా సగమే ఉన్నట్టుంటది. నీది ఏం జబ్బో అన్నావే, నాదీ అదే జబ్బు. మందు ఎవరి దగ్గరుందో తెలీదు.

నిన్న మ్రానికొమ్మల ఆదివారం. మా గుళ్ళో అందరికీ ఖర్జూరం మట్టలే ఇచ్చారు. చేతిలో పట్టుకుని నీ చెట్టుని తలుచుకున్నా.

ఒక్క భయం ఉంది. చెప్పకుండా ఉండలేను. హమూద్ గారిని అడిగా. నీ చెట్టు నగాల్ రకం కదా, ఇక్కడ ఈ ఎండల్లోనే జూన్‌కి గానీ పసుపు తిరగదు, అక్కడ ఇంకా ఆలస్యం కావచ్చు అన్నారు. రంగు తిరిగేప్పుడు వాన తగిలితే కాయ పగిలి కుళ్ళిపోద్దట. మీకు వానలు జూన్ మొదట్లోనేగా? ఈత పొడితో కడితే ఏమవుద్దండీ అని అడిగా. "నాకు తెలీదు. మా నాన్నకీ తెలీదు. శౌరినే చెప్పమను" అన్నారు.

అంతా నువ్వే చెప్పాలట. రాయి మరి.

నీ
ఎలిజమ్మ

*

కాలవగట్టు
1 జూన్ 2025

చెల్లాయీ,

పండినై!

ముందు ఆ ముక్క రాసి తర్వాత మిగతా రాద్దామని. ఇప్పుడు వరసగా రాస్తా.

నువ్వు వాన సంగతి రాసిన కాణ్ణించి నాకు ఆకాశమే పని. ఏప్రిల్ అంతా పచ్చకాయలు. మే సగమయ్యేసరికి ఒక గెలలో కొసన ఒక కాయ పసుపు తిరిగింది. జబ్బేమో అనుకున్నా. రెండు రోజులకి గెలంతా పసుపు. సంజీవరావుని పిలిచి చూపించా. కాయలు నిజ్వాలో కంటే చిన్నయి, కానీ ఇంత తొందరగా ఎట్టా అన్నా.

"ఈతపళ్ళు ఎప్పుడు పండుతయ్యి బావా?" అన్నాడు.

"మే నెల్లో."

"మరింకేం. తండ్రి పోలిక!" అని మీసం తిప్పాడు. మీసం ఆయనది గానీ గొప్ప ఈత చెట్టుది.

నాకు అప్పుడు వెలిగింది. నువ్వు పంపిన పొడి బాగుండి, దాంతోనే కట్టి ఉంటే, హమూద్ గారన్నట్టు జూన్ దాటేది. వానలో అంతా పోయేది. నీ తడిగుడ్డే చెట్టుని కాపాడింది చెల్లాయీ. ఇక దాని గురించి బాధపడితే నా మీద ఒట్టు.

ఇంకా వారం ఉంటే అన్ని గెలలూ తిరుగుతయ్యని ఆగా. ఈ ఏడు వాన కూడా ముందే వచ్చింది. సోమవారం మధ్యాన్నం బెన్నీ ఇబ్రహీంపట్నం లోడు మీద పోయినవాడు ఫోన్ చేశాడు. వినీల ఫోన్ నా చెవికి పెట్టింది. "మామయ్యా, ఇక్కడ కుండపోత! మబ్బు మీ వైపే వస్తంది. మీరు నిచ్చెనెక్కమాకండి, నేనొస్తున్నా!" అని కేక. నేను ఊఁ అన్నా. నిచ్చెన తెచ్చుకున్నా.

లోడు దించాడో లేదో తెలీదు, గుణదల వైపు మబ్బు నల్లబడేసరికి ఇంటి ముందున్నాడు. ట్రాలీ ఆటో తెచ్చి సరిగ్గా చెట్టు కిందే పెట్టాడు. షెడ్డు వేస్తానన్న చోటే. పైకెక్కి నిలబడి లోడు మీద కప్పే పట్టా తీసి గెలల మీద కప్పబోయాడు. గాలికి ఆగలా. సంజీవరావు మోకు పట్టుకుని పరిగెత్తుకొచ్చి చెట్టెక్కాడు. మూడు గెలల్లో రెండు కోసి అందించాడు. మూడోది పూర్తిగా తిరగలేదని దానికి పట్టా చుట్టి మోకుతో కట్టేశాడు. వినీల చీర కొంగు పట్టింది. నేను కింద నిలబడి, అటు కాదు, ఇటు, కాడ దగ్గర, కాడ దగ్గర అని అరిచా. నేను అరవటం బెన్నీ ఎప్పుడూ వినలేదట. "మామయ్యకి గొంతుంది!" అన్నాడు పైనించి, వానలో తడుస్తా.

వరండాలో గెలలు పరిచాం. బంగారం పోసినట్టున్నై. బెన్నీ తల కూడా తుడుచుకోకుండా ఒకటి తెంపి నోట్లో వేసుకున్నాడు. నేను వాడి మొహమే చూస్తున్నా. కరకరమని నమిలాడు. గింజ ఊసి అరచేతిలో పెట్టుకుని చూశాడు.

"ఒక్క పండు అన్నావుగా. తిన్నావు. ఎట్టా ఉంది?" అన్నా.

"ఒక్కదానికి తెలవట్లా మామయ్యా" అని గెల దగ్గరికి జరిగి కూచున్నాడు. ఆపలేకపోయాం.

"షెడ్డు?" అంది వినీల.

"చెట్టు చుట్టూ రేకు కత్తిరించి వేస్తా. లేత్ పనోణ్ణి, రేకుకి గుండ్రంగా బొక్క పెట్టలేనా?"

అంతే. చెట్టు ఉంటది.

వియ్యంకుడి వాటా అని సంజీవరావుకి ముందు పెట్టా. మేం అందరం ఆయన పాక దగ్గరికే పోయి ఇచ్చాం. నాన్న పోయాక ఆ పాక గుమ్మంలో నేను కూచోవటం అదే మొదలు. మంచినీళ్ళిచ్చాడు, తాగా.

ఇవాళ ఆదివారం. బుట్టలో పళ్ళు పీఠం ముందు పెట్టా, ఎవరూ చూడకుండా. ఫాదర్ గారు చూశారు. పూజయ్యాక మైకులో, "శౌరయ్య గారి చెట్టు పెళ్ళి సందర్భంగా అందరికీ పళ్ళు" అన్నారు. ఊరంతా చప్పట్లు. నేను స్తంభం వెనక్కి పోయా. అయినా లాక్కొచ్చారు. గొడ్డుచెట్టు అన్నవాళ్ళే గిన్నెలు పట్టుకుని ఇంటి దాకా వచ్చారు. వాళ్ళకీ పెట్టా. మస్కట్లో పండు ఇట్టాగే ఉంటదా అని అడిగారు. ఇంచుమించు అన్నా. అక్కడి ఫలజ్ గురించీ, తోట గురించీ అడిగారు. చెప్పా. ఎనిమిదేళ్ళలో నన్ను ఆ సంగతి అడిగినవాళ్ళు లేరు. చీకటి పడేదాకా చెప్తానే ఉన్నానట, వినీల అంటంది.

మైలవరం అమ్మాయి, నర్సు, రేపు మస్కట్ పోతంది. ఆమె చేతికి ఒక డబ్బా పంపుతున్నా. కాగితంలో పొడిగా కట్టా. తడిగుడ్డ పెట్టలా. హమూద్ గారికి ముందు పెట్టు.

తిన్నాక ఎట్టా ఉందో రాయి.

శౌరయ్య

*

నిజ్వా
17 జూన్ 2025

అన్నయ్యకి ఎలిజబెత్ స్తోత్రం.

డబ్బా చేరింది. ఒక్క పండు కూడా నలగలా. ఏం కట్టావు! నీ దగ్గర నేర్చుకోవాలి.

హమూద్ గారికి కాఫీతో పాటు పళ్ళెంలో పెట్టి ఏం చెప్పకుండా నిలబడ్డా. చూపు సరిగ్గా ఆనదుగా, వేళ్ళతో తడిమారు. ఒకటి తీసి కొరికారు. "నగాల్" అన్నారు. ఇంకోటి తీశారు. "కాదు" అన్నారు. మూడోది నోట్లో పెట్టుకుని చాలాసేపు ఉంచుకున్నారు.

"ఇది ఎవరి తోటది? ఈ చుట్టుపక్కల తోటలన్నీ నాకు తెలుసు. ఇది నాకు తెలీదు."

"మాదండీ" అన్నా. ఆ మాట నేను ఈ ఇంట్లో ఎప్పుడూ అనలేదన్నయ్యా. ఇన్నేళ్ళలో ఈ ఇంట్లో నాదని చెప్పటానికి మల్లెచెట్టు తప్ప ఏముంది? గట్టిగా మళ్ళీ అన్నా. "మా ఊరిదండీ. మా అన్నయ్య పండించాడు."

కొడుకుల్నీ మనవళ్ళనీ పిలిపించారు. తలా ఒకటి పెట్టారు. శౌరి, శౌరి అని నీ పేరు ఎన్నిసార్లన్నారో. గింజలు ఒక్కటి పారేయనివ్వలా. "చెట్టు మాదే, కానీ ఈ గింజలోది కొత్తది. సగం మాది, సగం మీది. ఇట్టాంటిది ఎవరు మొలిపిస్తే వాళ్ళే పేరు పెట్టాలి. శౌరిని పేరడుగు" అన్నారు. రోజూ అడుగుతున్నారు, జాబొచ్చిందా అని.

నా వాటా నేను గది గుమ్మంలో కూచుని తిన్నా. మొదట తీపి, ఈ ఊరి తీపి. ఆఖర్న నాలిక్కి కొంచెం వగరు తగిలింది. ఆ వగరు నాకు తెలుసు. మన గట్టు మీద నువ్వు రాళ్ళేసి రాలిస్తే నేను గౌనులో పట్టుకున్న ఈతపళ్ళది. రెండూ ఒకే పండులో, ఒకే నోట్లో. ఆ పూట ఏ ఊరి మీదా నాకు బెంగ లేదు. తెల్లారి మళ్ళీ వచ్చిందనుకో.

హమూద్ గారు ఇంకో మాటన్నారు. "వీసా అతనికి వద్దులే, నీకు సెలవు కావాలి" అని. ఎన్నాళ్ళు కావాలంటే అన్నాళ్ళట. పూర్తిగా వెళ్ళిపోయినా, చూడబుద్ధయినప్పుడు తలుపు తెరిచే ఉంటదట. రావాలనుంది. వస్తే మళ్ళీ ఇక్కడి కోసం ఏడుస్తానేమోనని భయం. నువ్వే చెప్పు.

పేరు కూడా చెప్పు.

నీ
ఎలిజమ్మ

*

కాలవగట్టు
8 జూలై 2025

చెల్లాయి ఎలిజబెత్‌కి అన్నయ్య ఆశీస్సులు.

గింజలు మేమూ నాటాం. మొలిచినై. ఆకు ఇంకా సూదిలాగే ఉంది, ఆడో మగో తెలవటానికి ఏళ్ళు పట్టుద్ది. ఒకటి సంజీవరావు తన గట్టున పెట్టుకున్నాడు. మనవరాలట. బెన్నీ షెడ్డు వేశాడు. రేకు మధ్యలోంచి చెట్టు పైకి పోయింది. ఆటోనగర్ నించి వాళ్ళ మేస్త్రీ చూడటానికి వచ్చాడు.

పేరడిగారన్నావు. ఊళ్ళో అందరూ తలో పేరు చెప్పారు. సంజీవరావు మస్కట్ ఈత అన్నాడు. ఫాదర్ గారు నా పేరే పెట్టమన్నారు. నాకు సిగ్గేసి కాలవగట్టుకి పోయా. అక్కడ తట్టింది.

హమూద్ గారికి చెప్పు. దాని పేరు ఆడబడుచు.

అదేం పేరని అడుగుతారు. మావైపు ఆడబడుచుకి రెండిళ్ళుంటయ్యండీ అని చెప్పు. పుట్టింట్లో ఉంటే మెట్టినింటి మీద బెంగ. అక్కడుంటే ఇక్కడి మీద. అట్టాగని ఒక ఇల్లు తీసేసుకుంటాం, ఒక్కటి చాలదా అంటే ఏ ఆడబడుచూ ఒప్పుకోదు. పోట్లాడుద్ది. రెండిళ్ళ బెంగ రెండిళ్ళున్న మనిషికే వచ్చిద్ది. ఇన్నాళ్ళూ దాన్ని నేను జబ్బనుకున్నా. ఆస్తి అది.

నీకు మందు తెలీదన్నావు. బెంగ పోదు చెల్లాయీ. పోగొట్టుకోమాక. పట్టుకునే రా. సాయంత్రాలు ఇద్దరం కాలవగట్టున కూచుని ఫలజ్ విందాం. అక్కడి కోసం మనసు మరీ కొట్టుకుంటే తలుపు తెరిచే ఉందన్నారుగా, పోయొద్దువు. నేనూ వస్తా ఒకసారి, నీ వెంట, చుట్టంగా.

నీ మల్లెకి అంటు తెచ్చుకో. ఖర్జూరం పక్కన చోటు చూసి పెట్టా, రేకు నీడ తగలకుండా. అంటు మాత్రం తడిగుడ్డలోనే కట్టు. పైన అరిటాకు, నారముడి. మల్లెకి అదే మంచిది.

ఎప్పుడు బయల్దేరుతున్నావో వెంటనే రాయి. ఇక్కడ అందరూ అడుగుతున్నారు.

శౌరయ్య